ఎత్తితే కబుర్లు చెప్పే బొమ్మల కొలువు: కాలేజీలో మీరే కట్టుకోండి

సంక్రాంతి సెలవులకు ముందు కాలేజీలో సంబరాలు పెడతారు కదా, ముగ్గుల పోటీ, గాలిపటాలు అయ్యాక ఇంకేదైనా కొత్తగా చేద్దాం అనుకునే నలుగురైదుగురు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇది వాళ్ల కోసం. చేయబోయేది ఇదీ: మెట్ల మీద బొమ్మల కొలువు ఉంటుంది. ఎవరైనా ఒక బొమ్మను చేతిలోకి తీసుకోగానే దాని గురించి ఒక అమ్మమ్మో తాతయ్యో చెప్పిన కబురు వినిపిస్తుంది, వెనక కట్టిన తెల్ల గుడ్డ మీద ఒక పాత ఫొటో మెల్లగా వెలుగుతుంది. బొమ్మను మళ్లీ దాని చోట పెట్టేస్తే గొంతు తగ్గుతుంది, ఫొటో ఆరిపోతుంది.

ఇంజనీరింగ్ వాళ్లే చేయాలని ఏమీ లేదు. ఇందులో వాడే సాధనాలు పుట్టిందే కళ, డిజైన్ చదివే పిల్లల కోసం. ఆర్డుయినో (స్విచ్‌లు, సెన్సర్లు తగిలించే చిన్న కంప్యూటర్ బోర్డు) 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో ఒక డిజైన్ విద్యాసంస్థలో విద్యార్థులకు చవగ్గా బోర్డు కావాలని మొదలైంది. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై బొమ్మలు గీసేవాళ్లు కూడా కోడ్ రాసుకోవాలని ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు, దాన్ని 2013లో లారెన్ మెకార్తీ బ్రౌజర్‌లోకి తెస్తే పీ5 జేఎస్ అయింది. మూడూ ఉచితంగా వాడుకోవచ్చు, బోర్డుకు మాత్రం డబ్బు పెట్టాలి. కాబట్టి తెలుగు ఎంఏ వాళ్లు, ఫైన్ ఆర్ట్స్ వాళ్లు, బీకాం వాళ్లు ధైర్యంగా దిగండి. జట్టులో కోడ్ అంటే భయం లేని మనిషి ఒక్కరుంటే చాలు. పెద్దవాళ్లతో ఓపిగ్గా కూర్చుని మాట్లాడించగల మనిషి మాత్రం తప్పకుండా ఉండాలి, అది ఇంకా కష్టమైన పని.

నెల రోజులు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు బొమ్మలకీ గొంతులకీ, ఒక వారం వైర్లకీ కోడ్‌కీ, చివరి వారం ఎవరెవరినో పిలిచి చూపించుకోవడానికి. చాలా జట్లు దీన్ని తిరగేస్తాయి, ముందు సెన్సర్లు కొనేసి తర్వాత వాటితో ఏం చేయాలా అని ఆలోచిస్తాయి. అలా మొదలైనవి చూసేవాళ్లకు రెండు నిమిషాల సరదాగానే మిగులుతాయి.

బొమ్మ, దానికి తగ్గ గొంతు

పది బొమ్మలు చాలు. ఇంకా తక్కువైనా పర్వాలేదు, ఎక్కువ మాత్రం వద్దు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు కలిపి పెట్టుకోవచ్చు, ఇళ్లలో అటకల మీద ఉన్న పాత మట్టిబొమ్మలు దొరికితే ఇంకా మంచిది. ఇవి చేతికి ఒక్కోటి ఒక్కోలా తగులుతాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి (కర్రను గిర్రున తిప్పే యంత్రం) పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు కాబట్టి బొమ్మ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చూడటానికి పెద్దగా ఉన్నా ఎత్తితే బరువే ఉండదు. చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి ముక్కలు అతికిస్తారు కాబట్టి ఏనుగు తొండం, ఎద్దు కొమ్ము లాంటి చోట్ల పట్టుకుని లాగితే ఊడివస్తాయి. పిల్లలు ఎక్కువగా వచ్చే చోట అలాంటి బొమ్మలను పై మెట్ల మీద, లక్కబొమ్మలను కింది మెట్ల మీద పెట్టండి.

ఇప్పుడు గొంతులు. దేవుడి బొమ్మకు పురాణ కథ, ఎద్దులబండికి రైతు పాట అని ఇంటర్నెట్‌లోంచి దించుకుంటే అది ఎవరైనా చేస్తారు. మీ ఇంట్లో, హాస్టల్ పక్క వీధిలో, కాలేజీలోనే పనిచేసే వాళ్లలో ఆ వస్తువుతో నిజంగా బతికినవాళ్లు ఎవరో వెతకండి. రైలు బొమ్మ ఉందంటే రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మకు ఆ పని చేసిన మనిషే మాట్లాడాలి. లక్కపిడతలు చేతిలో పెట్టి చిన్నప్పుడు ఏం ఆడేవారని అడిగితే, గుజ్జనగూళ్లు ఎలా వండేవాళ్లో, బెల్లమ్ముక్క ఎవరి ఇంట్లోంచి ఎవరు ఎత్తుకొచ్చేవాళ్లో చెప్పని ఆడవాళ్లు మన పెద్ద తరంలో తక్కువ.

రికార్డింగ్‌కు మీ ఫోనే సరిపోతుంది. గది మాత్రం చూసుకోండి. పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న గదిలో గొంతు మెత్తగా వస్తుంది, ఖాళీ హాల్లో ప్రతిధ్వని వస్తుంది. ఫ్యాన్ ఆపేయండి, ఫ్రిజ్ దగ్గర కూర్చోవద్దు, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంచండి. కాగితం చూసి చదివించకండి, కాగితం చేతికిస్తే ఎవరికైనా వార్తలు చదివే గొంతు వచ్చేస్తుంది. బొమ్మను వాళ్ల చేతిలో పెట్టండి, ఒక ప్రశ్న అడగండి, ఆ తర్వాత మీరు నోరు మూసుకోండి. పది నిమిషాలు మాట్లాడతారు. అందులోంచి ముప్ఫై, నలభై సెకన్ల ముక్క తీసుకుంటారు. కొలువు ముందు నిలబడి బొమ్మ పట్టుకున్న మనిషి అంతకంటే ఎక్కువసేపు వినడు, తర్వాతి బొమ్మ మీదికి మనసు పోతుంది.

శ్రీకాకుళం మాట శ్రీకాకుళం మాటలాగే ఉండనివ్వండి, కరీంనగర్ మాట కరీంనగర్ మాటలాగే. ఎడిటింగ్‌లో దగ్గు, పక్కింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసేయొచ్చు గానీ తడబాటునూ నవ్వునూ తీసేయకండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, శబ్దం తగ్గించడానికీ కత్తిరించడానికీ అది చాలు. అన్ని ముక్కల వాల్యూమ్ ఒకే స్థాయికి తేవడం మర్చిపోవద్దు, లేకపోతే ఒక బొమ్మ గుసగుసలాడి పక్క బొమ్మ అరుస్తుంది. ఇంకో సంగతి: ఈ మాటలు నలుగురిలో వినిపిస్తామని వాళ్లకు ముందే చెప్పి ఒప్పుకున్నాకే రికార్డ్ చేయండి, ఎడిట్ చేసిన ముక్క వాళ్లకు వినిపించండి, ఏదైనా వద్దంటే తీసేయండి.

బొమ్మను ఎత్తారని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది

లక్కబొమ్మ, కర్రబొమ్మ కరెంటును పారనివ్వవు కాబట్టి తాకితే పనిచేసే పద్ధతులు ఇక్కడ నేరుగా కుదరవు. బొమ్మ కింద వెలుతురు సెన్సర్ పెట్టడం ఒక దారి. బొమ్మ ఉంటే చీకటి, ఎత్తితే వెలుగు. చవకే గానీ, సాయంత్రం లైట్లు మారినా, ఎవరైనా అడ్డంగా నిలబడినా లెక్క తప్పుతుంది. నేను చెప్పేది అయస్కాంతం, రీడ్ స్విచ్ పద్ధతి. రీడ్ స్విచ్ అంటే చిన్న గాజు గొట్టంలో రెండు సన్నటి లోహపు రేకులు, అయస్కాంతం దగ్గరికి రాగానే అవి కలుస్తాయి, దూరం వెళ్లగానే విడిపోతాయి. వెలుతురుతో పనిలేదు, గుడ్డ అడ్డున్నా పనిచేస్తుంది.

కావాల్సినవి: పది రీడ్ స్విచ్‌లు, నాలుగైదు అదనంగా, ఎందుకంటే విరుగుతాయి. పది మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ల అయస్కాంతాలు. ఆర్డుయినోల్లో లియొనార్డో అనే రకం బోర్డు. ఊనో ఆర్3 అనే రకం వద్దు, కారణం కింద చెబుతాను. వైరు, ఫోమ్ షీట్లు, దళసరి అట్ట. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక పూటలో కొనేసుకోవచ్చు, మిగతా ఊళ్లలో ఆన్‌లైన్.

రీడ్ స్విచ్ కాళ్లను గాజు పక్కనే వంచితే గాజు చిట్లుతుంది. గాజుకు మూడు మిల్లీమీటర్లు వదిలి ప్లయర్‌తో కాలిని గట్టిగా పట్టుకుని, ప్లయర్‌కు బయటున్న భాగాన్ని మాత్రమే వంచండి. ఫోమ్ షీట్‌లో సన్నగా గాడి కోసి స్విచ్‌ను పడుకోబెట్టండి. ఇక్కడే చాలామందికి అర్థం కాని చిక్కొకటి వస్తుంది. బిళ్ల అయస్కాంతాన్ని స్విచ్ సరిగ్గా నడిమధ్య మీద పెడితే అది కలవకపోవచ్చు! మధ్యలో రెండు రేకుల మీదా లాగుడు సమానంగా పడిపోతుంది, ఏదో ఒక కొస మీదికి జరపగానే టక్కున కలుస్తుంది. అందుకని బొమ్మ నిలబడే చోటు నడిమధ్యలో స్విచ్ కొస ఉండాలి. అయస్కాంతం బొమ్మ అడుగున సరిగ్గా మధ్యలో ఉండాలి. అప్పుడు బొమ్మను ఏ వైపు తిప్పి పెట్టినా పనిచేస్తుంది.

బొమ్మకు తొలిచి రంధ్రం పెట్టకండి, జిగురు నేరుగా లక్క మీద పూయకండి. అడుగు సైజులో దళసరి అట్ట బిళ్ల కోసి, అందులో అయస్కాంతం కూర్చి, పైన ఇంకో అట్టతో మూసేసి అంచులు పూర్తిగా అతికించి, అప్పుడు డబుల్ టేపుతో బొమ్మకు అంటించండి. అయస్కాంతం బయటికి కనిపించకూడదు, ఊడి రాకూడదు. ఇది అందం కోసం చెప్పడం లేదు. చిన్నపిల్లలు ఇలాంటి అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి వస్తుంది. రోజూ ఉదయం, సాయంత్రం ప్రతి బొమ్మ అడుగు తిప్పి చూసే పని ఒకరికి అప్పగించండి.

మెట్ల సంగతి. మూడు, అయిదు, ఏడు, మీ ఇష్టం, కొలువుకు బేసి సంఖ్యలో కడతారు. ఇళ్లలో ఇనప ట్రంకు పెట్టెలు పేర్చి పైన గుడ్డ పరుస్తారు గానీ ఇక్కడ ఇనుము వద్దు, అయస్కాంతం దానికే అతుక్కుపోతుంది, స్విచ్ దాకా దాని బలం సరిగ్గా అందదు. చెక్క బల్లలు, గట్టి అట్టపెట్టెలు వాడండి. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ జానెడు ఎడం ఉంచండి. ఫోమ్ మీద తెల్ల పంచె పరిచి, ప్రతి బొమ్మ చోటు చుట్టూ బొమ్మ అడుగుకు సరిపోయేలా చిన్న ముగ్గు వేయండి, గుడ్డ మీద పెయింట్‌తో గానీ కుట్టుతో గానీ. నాకు ఈ కొలువు మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే. ముగ్గు చూడగానే బొమ్మ ఎక్కడ పెట్టాలో చెప్పకుండానే చేతికి తెలిసిపోతుంది, ఒక్క సూచన బోర్డు కూడా రాయక్కర్లేదు. ముగ్గుల సైజులు, ఆకారాలు వేర్వేరుగా ఉంటే ఎద్దు చోట ఏనుగును పెట్టేయడం కూడా తగ్గుతుంది. స్విచ్‌కు అయస్కాంతం వచ్చిందని తెలుస్తుంది గానీ ఏ బొమ్మదో తెలియదు కదా, బొమ్మలు తారుమారైతే గొంతులు కూడా తారుమారవుతాయి.

బోర్డు, కోడ్

లియొనార్డోను యూఎస్‌బీతో లాప్‌టాప్‌కు తగిలిస్తే అది తనను కీబోర్డుగా పరిచయం చేసుకోగలదు, ఊనో ఆర్3 నేరుగా అలా చేయలేదు. అందుకే లియొనార్డో. బొమ్మ ఎత్తడం అంటే కంప్యూటర్ దృష్టిలో ఒక కీ నొక్కడం, అంతే. లాప్‌టాప్ వైపు ప్రోగ్రామ్ మీరు రోజూ వాడే కీబోర్డుతోనే రాసి పరీక్షించుకోవచ్చు, వైర్ల పని ఇంకొకరు పక్కన చేసుకుంటూ పోవచ్చు.

ప్రతి స్విచ్‌కూ ఒక కాలు 2 నుంచి 11 వరకు ఉన్న పిన్నుల్లో ఒకదానికి, రెండో కాలు గ్రౌండ్ (జీఎన్‌డీ అని రాసి ఉండే) పిన్నుకు. కోడ్‌లో పిన్నులను ఇన్‌పుట్ పుల్అప్‌గా, అంటే ఏమీ తగలనప్పుడు 'హై'గా ఉండేలా పెట్టండి. బొమ్మ ఉంటే స్విచ్ కలిసి పిన్ను 'లో' (0) అవుతుంది, ఎత్తితే 'హై' (1). హై అయిన వెంటనే కీ పంపేయకండి, 300 మిల్లీసెకన్లు ఆగి అప్పటికీ హైగానే ఉంటే పంపండి. కొంచెం జరిపి సర్దినప్పుడల్లా బొమ్మ మాట మొదలుపెడితే చిరాకు. ఎత్తినప్పుడు ఇంగ్లిష్ ఏ నుంచి జే వరకు చిన్న అక్షరాలు, తిరిగి పెట్టినప్పుడు 0 నుంచి 9 వరకు అంకెలు పంపండి. పెట్టినప్పుడు పెద్ద అక్షరాలు పంపుదాం అనిపిస్తుంది గానీ ఎవరి చెయ్యో తగిలి క్యాప్స్‌లాక్ పడిందంటే అంతా తలకిందులవుతుంది. లాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉన్నా అక్షరాలు వేరేగా వస్తాయి, ఇంగ్లిష్‌లోనే ఉంచండి.

బోర్డు కోడ్‌లో ఒక జాగ్రత్త తప్పనిసరి. 12వ పిన్నుకు చిన్న స్విచ్ పెట్టి, అది ఆన్‌లో ఉంటేనే కీలు పంపాలని రాయండి. లేకపోతే ఒక చిన్న తప్పుకే బోర్డు ఆపకుండా టైప్ చేస్తూ పోతుంది, మీరు కోడ్ సరిచేద్దామని తెరిస్తే అందులోనే అక్షరాలు కొట్టేస్తుంది.

లాప్‌టాప్ వైపు పీ5 జేఎస్‌లో ఏ కీకి ఏ ఆడియో, ఏ ఫొటో అన్నది రాసుకోండి. ప్రోగ్రామింగ్ అసలు తెలియని జట్టయితే బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌లో కూడా ఈ పని నడుస్తుంది, కీ నొక్కినప్పుడు అనే బ్లాక్‌తోనే మొదలుపెట్టొచ్చు. పీ5లో కొన్ని చోట్ల తప్పకుండా ఆగిపోతారు, ముందే చెబుతున్నా. ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఆడియో లోడ్ అవ్వదు, లోకల్ సర్వర్ (మీ లాప్‌టాప్‌లోంచే పేజీని బ్రౌజర్‌కు అందించే ప్రోగ్రామ్) కావాలి, వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో లైవ్ సర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే సరి. క్రోమ్ 2018 నుంచి పేజీలను వాటంతట అవి శబ్దం చేయనివ్వడం లేదు, అందుకని మొదట ఒక ప్రారంభించు బటన్ పెట్టి, పొద్దున్నే మీరే ఒకసారి నొక్కండి. ఆ క్లిక్‌తో కీలు కూడా ఆ విండోకే వెళ్తాయి. పీ5 లైబ్రరీ ఫైళ్లను ముందే దించుకుని ఫోల్డర్‌లో పెట్టుకోండి, సంబరాల రోజు కాలేజీ వైఫైని నమ్ముకోవద్దు.

బొమ్మ పెట్టేయగానే శబ్దాన్ని ఠక్కున ఆపకుండా ఒక సెకనులో తగ్గించండి. ఇద్దరు ఒకేసారి రెండు బొమ్మలు ఎత్తితే ఏం చేయాలన్నది మీ నిర్ణయం. నా ఉద్దేశంలో మొదటి గొంతును బాగా తగ్గించి రెండోదాన్ని వినిపించడం మంచిది. పూర్తిగా ఆపేస్తే మొదట బొమ్మ పట్టుకున్న మనిషికి చిన్నబోయినట్టు ఉంటుంది. స్పీకర్లను హాలు మూలల్లో పెట్టకండి, మెట్ల కిందే, గుడ్డ వెనకే ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ పెట్టి, ఎడమ వైపు బొమ్మల గొంతు ఎడమ స్పీకర్లోనే వచ్చేలా చేయండి. అప్పుడు బొమ్మే మాట్లాడినట్టు ఉంటుంది.

ఫొటోల విషయంలో చెయ్యి ఆపుకోవాలి. ఒక బొమ్మకు ఒక్క ఫొటో చాలు. రెండు సెకన్లు తీసుకుని నెమ్మదిగా వెలగాలి, యానిమేషన్లు, మెరుపులు, పేర్లు ఏమీ వద్దు. తెర మీద ఎక్కువ కదిలితే అందరూ తెరే చూస్తారు, చేతిలో బొమ్మ ఉందన్న సంగతే మరిచిపోతారు. ఎవరూ ఏమీ ఎత్తనప్పుడు తెర నల్లగా ఉండాలి. ప్రొజెక్టర్‌ను గుడ్డకు వెనక వైపు నుంచి వేస్తే మనుషుల నీడలు పడవు. ఫొటో తిరగబడి కనిపిస్తుంది కాబట్టి ప్రొజెక్టర్ సెట్టింగ్స్‌లో రియర్ పెట్టుకోవాలి. పగటిపూట అయితే కిటికీలకు దుప్పట్లు కట్టక తప్పదు.

పిలిచి చూపించండి, మీరు మాట్లాడకండి

కొలువు అనగానే మనకు చిన్నప్పటి నుంచి వినిపించేది ముట్టుకోకు అన్న మాటే. పెద్దవాళ్లయినా సరే చేతులు వెనక కట్టుకుని చూసి, బావుందమ్మా అని వెళ్లిపోతారు. ఈ అలవాటును దాటించడమే అసలు పని. కింది మెట్టు మీద ఒక బొమ్మను అంచుకు దగ్గరగా, చేతికి అందేలా పెట్టి, దాని పక్కన ఒక చిన్న చీటీ ఉంచండి: నన్ను ఎత్తుకోండి. నిమిషం పాటు ఎవరూ ఏమీ ముట్టుకోకపోతే ఆ బొమ్మ గొంతు లోంచి ఒక్క మాటో, ఒక నవ్వో చిన్నగా వినిపించేలా కోడ్‌లో రాయండి. తల తిప్పి చూస్తారు, చెయ్యి దానంతట అదే వెళ్తుంది.

అసలు రోజుకు వారం ముందే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లను, వాచ్‌మన్‌ను, క్యాంటీన్ వాళ్లను, వాళ్ల పిల్లలను పిలవండి. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలని నాలుక దురదపెడుతుంది, చెప్పకండి. పక్కన నిలబడి నోట్‌బుక్‌లో రాసుకోండి: ముందు ఏ బొమ్మ ఎత్తారు, ఎంతసేపు విన్నారు, తిరిగి ఎక్కడ పెట్టారు, ఏ బొమ్మను అసలు ఎవరూ ముట్టలేదు. ముట్టని బొమ్మను కిందికి దించండి. కబురు సగంలోనే బొమ్మ పెట్టేస్తున్నారంటే మొదటి అయిదు సెకన్లలో ఏమీ లేదని, ముక్కను ఇంకోచోట మొదలుపెట్టండి. మీకు తమ గొంతులిచ్చిన పెద్దవాళ్లను కూడా ఒకరోజు ప్రత్యేకంగా పిలవండి, జనం లేనప్పుడు, కుర్చీ వేసి.

ఆ రోజు పొద్దున చూసుకోవాల్సినవి చకచకా చెప్పేస్తాను. లాప్‌టాప్ స్లీప్, స్క్రీన్‌సేవర్ ఆపేయాలి, విండోస్ అప్‌డేట్ వాయిదా వేయాలి, నోటిఫికేషన్లు బంద్, బ్రౌజర్ ఫుల్ స్క్రీన్. కరెంటు పోతే స్పీకర్లు, ప్రొజెక్టర్ ఆగుతాయి కాబట్టి యూపీఎస్ అడిగి తెచ్చుకోండి. నేల మీద వైర్లన్నీ టేపు వేసి అంటించండి, పట్టుచీరల్లో వచ్చేవాళ్లు ఉంటారు. ప్రతి వైరుకూ రెండు కొసల్లోనూ బొమ్మ పేరు రాసిన చీటీ కట్టండి. మధ్యాహ్నం ఎద్దులబండి మూగబోయిందంటే ఏ వైరు లాగాలో వెతుక్కోకూడదు. అదనపు బోర్డులో కోడ్ ఎక్కించి జేబులో పెట్టుకోండి, నిమిషంలో మార్చేయొచ్చు.

అయిపోయాక గుడ్డ దులిపి అన్నీ పెట్టెలో పడేసి వెళ్లిపోకండి. అట్ట బిళ్లలు జాగ్రత్తగా తీసి, అరువు తెచ్చిన బొమ్మలు ఎవరివి వాళ్లకు అప్పగించండి. రికార్డింగుల అసలు ఫైళ్లు, కత్తిరించనివి, మొత్తం పది నిమిషాలవీ, మాట్లాడినవాళ్ల పేరు, ఊరు, సంవత్సరం ఫైలు పేరులోనే రాసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి వాళ్ల ఇంటికి ఇవ్వండి. ఇంకో కాపీ, వైరింగ్ ఫొటోలతో, కోడ్‌తో కలిపి జూనియర్ల చేతిలో పెట్టండి. వచ్చే ఏడు వాళ్లు ఇంకో పది గొంతులు కలుపుకుంటారు.